‘ప్రారంభకులకు గ్రూప్ ఇంప్రొవైజేషన్’ కోర్సులో చేరబోయేవారికి ఒక హెచ్చరిక

నలుగురితో కలిసి ఆశువుగా వాయించడం నేర్చుకోవాలన్న కోరికతో కోర్సుల కోసం వెతుకుతున్నవారు రుసుము కట్టే ముందు దయచేసి ఇది చదవండి. పన్నెండు వారాల కోర్సుకు మొత్తం సొమ్ము ముందుగానే చెల్లించి, పదకొండు తరగతులకు హాజరై, చివరి తరగతికి వెళ్ళకుండా మానేసిన తర్వాత ఇది రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి కోర్సు మరొకచోట మరో పేరుతో మీకు ఎదురైనప్పుడు ముందే గుర్తుపట్టేందుకు దాని తీరు తెలియడమే ఎక్కువ అవసరమని నా నమ్మకం.

నాకు గిటార్ మీద పది పన్నెండు కార్డులు (కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే కూర్పులు) వచ్చు. ఎవరైనా పాడుతుంటే తోడుగా వాయించగలను. అయితే కాగితం మీద లేని స్వరాన్ని, ముందుగా వల్లించని పదబంధాన్ని, అంటే కొన్ని స్వరాల చిన్న వరుసను, అందరి ఎదుట వాయించే ధైర్యం ఏనాడూ ఉండేది కాదు. అందుకే ‘బృందంలో నేర్చుకోండి, మొదటి రోజు నుంచే వాయించండి, అనుభవం అవసరం లేదు’ అన్న ప్రకటన చూడగానే అది నాకోసమే రాసినట్లు అనిపించింది. ఇప్పుడు వెనుదిరిగి చూస్తే, బృందంలో ఎంతమంది ఉంటారో, తరగతిలో ఒక్కొక్కరు ఎంతసేపు వాయిస్తారో, మిగిలినవారు ఆ సమయంలో ఏం చేస్తారో ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. నేను అడగనూ లేదు.

తరగతికి తొంభై నిమిషాలు, మేము పద్దెనిమిది మందిమి. మొదటి యాభై నిమిషాలు గురువుగారు బోర్డు మీద స్కేళ్ళు (వాయించడానికి ఎంచుకునే స్వరాల వరుసలు), కార్డుల పేర్లు రాసి వివరించేవారు. ఆ తర్వాత స్పీకర్లలో బ్యాకింగ్ ట్రాక్ (తోడు వాయిద్యాలను ముందే వాయించి పెట్టిన రికార్డింగ్) పెట్టేవారు. ఒక్కొక్కరు లేచి ముందుకు వెళ్ళి, తమ వంతు వాయించి, తిరిగి వచ్చి కూర్చునేవారు. మిగిలిన పదిహేడు మంది వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని మౌనంగా చూస్తుండేవారు. మూడో తరగతి నుంచి నేను గడియారం చూసి రాసుకున్నాను: తొంభై నిమిషాల్లో నా చేతికి దక్కింది దాదాపు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనూ నేను మరో మనిషితో కలిసి వాయించలేదు, రికార్డింగుతో వాయించాను.

సమయం చాలకపోవడం వల్ల ఇలా జరిగిందని సంస్థవారు చెప్పారు. ఈ మాట నిలవదని ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. ప్రారంభకులకు సాధారణంగా నేర్పేది పన్నెండు బార్ల (లయలోని చిన్న భాగాల) బ్లూస్ అనే చట్రం, అదే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. బారుకు నాలుగు దెబ్బల చొప్పున మొత్తం నలభై ఎనిమిది దెబ్బలు. నిమిషానికి 80 దెబ్బల నిదానమైన లయలో ఒక ఆవృత్తం ముప్పై ఆరు సెకన్లలో పూర్తవుతుంది. పద్దెనిమిది మంది వరుసగా తలా ఒక ఆవృత్తం వాయించినా పదకొండు నిమిషాలకు మించదు. ఒకరు సోలో వాయిస్తున్నంతసేపూ మిగిలినవారిలో కొందరు మెల్లగా కార్డులు వేయవచ్చు, కొందరు మూల స్వరాన్ని మాత్రమే పట్టి ఉండవచ్చు, కొందరు రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ చప్పట్లు కొట్టవచ్చు, ఇద్దరు ముగ్గురు కలిసి సోలో వెనుక ఒక చిన్న పదబంధాన్ని తిప్పి తిప్పి వాయించవచ్చు. అలా నడిపితే నలభై నిమిషాల్లో అందరికీ మూడేసి వంతులు రావడమే కాదు, ఆ నలభై నిమిషాలూ అందరి చేతులూ పనిలోనే ఉంటాయి. బృందంలో నేర్చుకోవడానికి డబ్బు కట్టేది దీనికే.

బ్యాకింగ్ ట్రాకులను నేను తప్పుపట్టడం లేదు. అమెరికన్ జాజ్ బోధకుడు జేమీ ఏబర్‌సోల్డ్ 1967లో ఇటువంటి ప్లే-అలాంగ్ రికార్డులు వెలువరించడం మొదలుపెట్టినప్పటి నుంచి ఒంటరిగా సాధన చేసే ఎందరికో అవి ఆధారమయ్యాయి. అయితే వాటి స్థానం ఇల్లు. మనం దారి తప్పితే రికార్డింగ్ ఆగదు, మనం గొంతు తగ్గిస్తే అది తగ్గదు, మనం వేసిన ప్రశ్నలాంటి పదబంధానికి జవాబు చెప్పదు. ఎదుట మనిషి ఉంటే ఇవన్నీ జరుగుతాయి. మనం తడబడిన చోట డ్రమ్ము వాయించేవారు మొదటి దెబ్బను కాస్త గట్టిగా కొట్టి మనల్ని తిరిగి దారిలో పెడతారు. ఇంట్లో ఉచితంగా చేసుకోగలిగిన పనిని డబ్బు తీసుకుని గదిలో వరుస కట్టించి చేయించడమే ఈ కోర్సు మీద నా మొదటి ఫిర్యాదు.

రెండోది నన్ను ఇంకా బాధిస్తున్న విషయం. నా పక్కన కూర్చునే ఒకాయన ఆల్టో శాక్సోఫోన్ వాయించేవారు. బడిలో నేర్చుకుని ఎన్నో ఏళ్ళ క్రితం వదిలేసి, మళ్ళీ ఎంతో ఆశతో వాయిద్యం బయటకు తీసిన మనిషి. గురువుగారు అందరినీ సి స్కేలులో (పాశ్చాత్య సంగీతంలో స్వరాలకు ఎ, బి, సి వంటి అక్షరాలే పేర్లు) వాయించమన్నారు, ఆయనా సి నుంచే మొదలుపెట్టారు. శాక్సోఫోన్ గురించి కొంచెం తెలిసినవారికైనా ఇక్కడ జరిగిన పొరపాటు వెంటనే అర్థమవుతుంది. ఆల్టో మీద సి వాయిస్తే బయటకు వినిపించేది ఇ ఫ్లాట్. పియానో, గిటార్ల సితో కలవాలంటే ఆయన ఎ నుంచి మొదలుపెట్టాలి. అదే టెనర్ శాక్సోఫోనో, మామూలు బి ఫ్లాట్ ట్రంపెటో అయితే డి నుంచి. వివిధ వాయిద్యాలను ఒకచోట కూర్చోబెట్టే గురువు మొదటి రోజే చెప్పవలసిన సంగతి ఇది. చెప్పకపోగా, మూడు వారాల పాటు ఆయన స్వరాలు అపశ్రుతిగా వినిపిస్తుంటే ‘మీకు ఇంకా చెవి తయారు కాలేదు’ అని అందరి ముందు అన్నారు. ఆయన నాలుగో వారం నుంచి రాలేదు. శాక్సోఫోన్ శ్రుతి సంగతి నాకు అప్పటికి తెలియదు, తెలిసి ఉంటే ఆ రోజే లేచి చెప్పేవాణ్ణి.

పాఠ్యక్రమం కూడా ప్రారంభకులది కాదు. రెండో వారానికే ప్రతి కార్డుకూ వేరొక స్కేలు మార్చుతూ వాయించమన్నారు, నాలుగో వారానికి అదే పనిని పన్నెండు శ్రుతుల్లోనూ చేయమన్నారు. ఫలితంగా అందరమూ గురువుగారు ఇచ్చిన పదబంధాలను కంఠస్థం చేసి అప్పజెప్పడం మొదలుపెట్టాము. అది పాఠం అప్పజెప్పడం, ఆశువుగా అల్లడం కాదు. కొత్తవారికి ఎక్కువ సామగ్రి అక్కర్లేదని జాజ్ చరిత్రే చెబుతోంది. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందం 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’ ముప్పై రెండు బార్ల రచన. అందులో మొదటి పదహారు బార్లూ చివరి ఎనిమిది బార్లూ డి డోరియన్ (డి నుంచి మొదలయ్యే ఒక స్కేలు) మీద, మధ్యలోని ఎనిమిది బార్లు దానికి అర మెట్టు పైన ఉండే ఇ ఫ్లాట్ డోరియన్ మీద నడుస్తాయి. మహావిద్వాంసులకు రెండు స్కేళ్ళలో అంత చోటు దొరికినప్పుడు, మాలాంటివారికి ఒక్క స్కేలులోని మూడు స్వరాలు నెల రోజులకు సరిపోయేవి.

ఐదో వారంలో హాలు మరమ్మతుల పేరు చెప్పి నాలుగు తరగతులను వీడియో కాల్‌లోకి మార్చారు. ఈ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి, ఎందుకంటే మాట్లాడటానికి చక్కగా పనికొచ్చే ఈ సాధనం కలిసి వాయించడానికి పనికిరాదు. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, కనుక మూడు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషి వాయించింది మనకు సుమారు తొమ్మిది మిల్లీసెకన్లలో చేరుతుంది. ఈ ఆలస్యం ముప్పై మిల్లీసెకన్ల సమీపానికి వచ్చేసరికి ఒకరికోసం ఒకరు ఆగుతూ లయ నెమ్మదించిపోవడం మొదలవుతుంది. సాధారణ వీడియో కాల్స్‌లో వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. పైగా ఆ సాఫ్ట్‌వేర్ మాటను స్పష్టం చేసే ప్రయత్నంలో వాయిద్య ధ్వనిని అడ్డు శబ్దంగా భావించి అణచివేస్తుంది. అందుకే ఆ నాలుగు తరగతులూ మా అందరి మైకులూ ఆపి ఉంచారు. గురువుగారు వాయిస్తుంటే మేము ఎవరి గదిలో వారు, ఎవరికీ వినపడకుండా వాయించుకున్నాము. తక్కువ ఆలస్యంతో పనిచేసే జామ్యులస్, జాక్‌ట్రిప్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్ ఉండి, వాయించేవారు ఒకరికొకరు మరీ దూరంగా లేకపోతే వాటితో కొంతవరకు సాధ్యమే. మా సంస్థ ఆ ప్రయత్నం చేయలేదు, తరగతులను వాయిదా వేయడానికీ ఒప్పుకోలేదు.

హాలుకు తిరిగి వచ్చాక మరో ఇబ్బంది. చిన్న గది, మూడు ఆంప్లిఫయర్లు, ఒక డ్రమ్ సెట్టు, అందరూ ఒకేసారి శ్రుతి చేసుకోవడం. రెండు రాత్రులు చెవుల్లో హోరు తగ్గలేదు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించవచ్చని, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుందని వృత్తి ఆరోగ్య ప్రమాణాల్లో ఒకటి చెబుతుంది. ఆ లెక్కన 94 డెసిబెల్స్ దగ్గర మిగిలేది ఒక గంట. సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ వెంట తీసుకువెళ్ళండి.

ఆరో వారంలో రుసుములో సగం తిరిగి ఇవ్వమని లిఖితపూర్వకంగా అడిగాను. కోర్సు నోట్సును ఒకసారి డౌన్‌లోడ్ చేస్తే కోర్సును పూర్తిగా వినియోగించుకున్నట్లేనని షరతుల్లో ఉందని జవాబు వచ్చింది. చూస్తే నిజంగానే ఉంది. చేరిన రోజు రాత్రి వాళ్ళే పంపిన లింకు నొక్కి నేను ఆ నోట్సు దించుకున్నాను. చేరిన తొలి రెండు వారాల వరకు ఎటువంటి ఫైలునూ దించుకోకండి. తరగతి ముఖాముఖి జరుగుతుందా లేదా, జరగకపోతే ఏం చేస్తారు అన్నది రసీదు మీదనో ఈమెయిల్‌లోనో రాయించుకోండి. నోటిమాటగా ఇచ్చిన హామీలేవీ నాకు అక్కరకు రాలేదు. మొత్తం సొమ్ము ఒకేసారి కడితేనే చేర్చుకుంటామంటే అక్కడితో ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆ కోర్సులో పరిచయమైన ముగ్గురమూ ఇప్పుడు వారానికి ఒకసారి కలుస్తున్నాము. గుండ్రంగా కూర్చుంటాము, ఎందుకంటే ఒకరి ముఖం ఒకరికి కనిపించకపోతే ఎవరు ముగిస్తున్నారో, ఎవరు అందుకోబోతున్నారో తెలియదు. మొదట ఒక్క స్వరంతోనే లయ మార్చుతూ వాయిస్తాము. తర్వాత మూడు స్వరాలతో ఒకరు నాలుగు బార్లు అంటే, ఇంకొకరు ముందువారి చివరి పదబంధాన్ని అందుకుని తమ నాలుగు బార్లు మొదలుపెట్టాలి. ఈ ఒక్క నియమం వల్ల, నా వంతులో ఏం వాయించాలా అన్న భయం పోయి, ఎదుటివారు ఏం వాయిస్తున్నారో వినడం అలవాటైంది. ఆవృత్తంలో కొన్ని బార్లు ఏమీ వాయించకుండా ఉండటం కూడా వాయించడంలో భాగమేనని మాకు తెలిసింది ఇక్కడే. గురువు లేని లోటు ఉంది, తప్పులు దిద్దేవారు కావాలి. మంచి గురువు కోసం వెతుకుతూనే ఉన్నాము. ఈసారి ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు ఒక తరగతి పూర్తిగా కూర్చుని చూస్తామని, ఎంతమంది ఎంతసేపు మౌనంగా కూర్చున్నారో లెక్కపెడతామని ముందే చెబుతున్నాము. ఇప్పటికి ఒకరు ఒప్పుకున్నారు, ఇద్దరు కుదరదన్నారు.

ఆల్టో శాక్సోఫోన్ వాయించే ఆయనకు గత నెల ఫోన్ చేసి శ్రుతి సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. పోయిన వారం మాతో కలిసి కూర్చున్నారు. మేము సి అన్నప్పుడు ఆయన ఎ నుంచి అందుకున్నారు, స్వరాలు కలిశాయి.