చక్కెర మానేశాక టీలో ఏది వేసుకుంటే మేలు?

ఇంట్లో ఎవరికైనా షుగర్ బయటపడగానే చాలామంది చేసే మొదటి పని బెల్లం టీకి మారడం. ముందు ఆ సంగతి తేల్చేద్దాం. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే చక్కెరలో ఉన్నదే. కాస్త ఐరన్ ఉంటుంది, నిజమే. దానికి తోటకూర ఉందిగా! తేనె తిన్నా షుగర్ పెరుగుతుంది. కాబట్టి ఈ రెండూ అసలు పోటీలోనే లేవు.

మిగిలింది చక్కెరకు బదులు మాత్రలుగా, పొడులుగా దొరికే ఆస్పర్టేమ్, సుక్రలోజ్, స్టీవియా.

ఆస్పర్టేమ్ చక్కెర కంటే సుమారు 200 రెట్లు తీపి. మరిగిస్తే ఆ తీపి తగ్గిపోతుంది కాబట్టి టీ గ్లాసులో పోశాకే వేయాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుజబ్బు ఉన్నవాళ్లు దీని జోలికే వెళ్లకూడదు. 2023 జులైలో క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ దీన్ని ‘క్యాన్సర్‌కు కారణం కావచ్చు’ అనే 2బీ జాబితాలో పెట్టడంతో అందరూ హడలిపోయారు. అదే సమయంలో ఐక్యరాజ్యసమితి సంస్థల ఆహార నిపుణుల కమిటీ మాత్రం కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితినే ఉంచింది. 70 కిలోల మనిషి అది దాటాలంటే రోజుకు తొమ్మిది డైట్ కూల్‌డ్రింక్ క్యాన్లకు పైనే తాగాలి. టీలో వేసే ఒకటి రెండు మాత్రలకు అంత భయం అక్కర్లేదు.

సుక్రలోజ్ దాదాపు 600 రెట్లు తీపి, టీ మరుగుకు తట్టుకుంటుంది, రుచీ చక్కెరకు దగ్గరే. పాల టీకి నా ఓటు దీనికే. ఓవెన్ వేడికి మాత్రం వద్దు. 120 డిగ్రీలు దాటితే హానికర క్లోరిన్ పదార్థాలు పుట్టే అవకాశం ఉందని జర్మనీ ఆహార భద్రతా సంస్థ 2019లో హెచ్చరించింది.

స్టీవియా ఆకు నుంచి వస్తుందని దానికి మంచి పేరు. మన దేశంలో 2015లో అనుమతించారు. చిక్కేమిటంటే, మింగాక నాలుక మీద అతిమధురం నమిలినట్టు ఓ చేదు మిగులుతుంది. పాల టీలో అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, నిమ్మకాయ నీళ్లలో అంతగా తెలియదు. ప్యాకెట్ తిప్పి చూడండి. చాలావాటిలో స్టీవియా చిటికెడే, మిగతాదంతా ఎరిత్రిటాల్ అనే మరో తీపి పొడో డెక్స్‌ట్రోజో ఉంటుంది. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే!

షుగర్ జబ్బు లేకపోయినా బరువు తగ్గడానికి వీటిని వాడాలనుకునేవాళ్ల సంగతి వేరు. బరువు అదుపు కోసం వీటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో చెప్పింది. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు ఆ సలహా వర్తించదు. మిగతావాళ్లు రెండు చెంచాల చక్కెరను ఒకటిన్నర, తర్వాత ఒకటి చేసుకుంటూ వస్తే నాలుక దానంతటదే సర్దుకుంటుంది.

పిండివంటల్లో వీటిలో ఏదీ నెగ్గదు. అరిసెల పాకం చుక్క పళ్లెంలో నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తగా ఉండ కట్టాలి. చిటికెడు పొడితో ఆ పాకం ఎక్కడ వస్తుంది? కొట్టువాళ్లు అమ్మే ‘షుగర్ ఫ్రీ’ ఖర్జూరం లడ్డూలో ఖర్జూరం తీపి ఉండనే ఉంది, పైగా నెయ్యి. అంతకంటే పండక్కి అసలైన అరిసే సగం తిని, ఆ పూట అన్నం ఓ గరిటెడు తగ్గించుకోవడం నయం. ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును ఓ మాట అడిగి తినండి.