డిస్క్ నిక్షేపంగా ఉంది, పోర్టే పోయింది

నా పోర్టబుల్ హార్డ్ డిస్క్ మీద నాకున్న కోపమంతా ఒక్కదాని గురించే, దాని యూఎస్‌బీ పోర్ట్. మిగతా వివరాలు అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే కొనమని చెప్పాను. విడిగా పవర్ అడాప్టర్ అక్కర్లేదు, చప్పుడు లేదు, జేబులో పడుతుంది. అవన్నీ ఇప్పటికీ నిజమే. స్పీడ్ గురించి అన్న మాట మాత్రం కాస్త వెనక్కి తీసుకోవాలి. పెద్ద ఫోల్డర్ కాపీ చేస్తే మొదట్లో జోరుగా సాగి, మధ్యలో నత్తనడక పట్టేది. ఇది ఎస్ఎమ్ఆర్ రకం. ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఇంకోటి వచ్చేలా ఉంటాయి, అందుకని కొంచెం మార్చాలన్నా పక్కవాటిని కూడా తిరగరాయాలి. బ్యాకప్‌కే కదా అని సర్దుకుపోయాను.

పోర్ట్ విషయంలో మాత్రం సర్దుకోలేను. వెడల్పుగా, పలచగా ఉండే మైక్రో-బి రకం అది. వాడగా వాడగా వదులైంది. కేబుల్ కాస్త కదిలితే చాలు, డిస్‌కనెక్ట్ అయి కాపీ ఆగిపోయేది. కేబుల్ మార్చాను, ఇంకో కంప్యూటర్‌కి పెట్టాను, అదే వరస. కనెక్ట్ అయిన కాసేపట్లో డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే హెల్త్ 'గుడ్'. రీఎలకేటెడ్ సెక్టార్లు సున్నా, పెండింగ్ సెక్టార్లు సున్నా, అంటే పాడైన చోటు గానీ అనుమానించాల్సిన చోటు గానీ లేదన్నమాట.

చివరికి కనెక్ట్ కావడమే మానేసింది. వారంటీ అయిపోయింది. ఉన్నా కొత్త డిస్క్ ఇస్తారే తప్ప పాతదాంట్లోని డేటా ఇవ్వరు. రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే కేస్ ఊడదీసి చూపించారు. లోపలి డ్రైవ్‌కి సాటా కనెక్టరే (మామూలుగా హార్డ్ డిస్కులకి ఉండేది) లేదు! యూఎస్‌బీ పోర్ట్‌ని నేరుగా డ్రైవ్ బోర్డు మీదే సోల్డర్ చేసేశారు. భూతద్దంలో చూస్తే పోర్ట్ కాళ్ల దగ్గర సోల్డర్ వెంట్రుకవాసి చీలి ఉంది. డ్రైవ్‌ని తీసి ఇంకో ఎన్‌క్లోజర్‌లో, అంటే యూఎస్‌బీ పోర్ట్ ఉన్న ఇంకో డబ్బాలో, పెట్టే వీల్లేదు. అదే మోడల్ బోర్డు తెచ్చి బిగించినా కుదరదట, ఆ డ్రైవ్‌కి మాత్రమే సరిపోయే సెట్టింగులు పాత బోర్డు చిప్‌లో ఉంటాయి. కొన్ని కంపెనీల డిస్కుల్లో మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఆ బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. గీత కూడా పడని డిస్క్, అందులో నా ఫోటోలన్నీ భద్రం, చదవడానికి దారి లేదు!

ఇంకో కాపీ డెస్క్‌టాప్‌లో ఉంది కాబట్టి టెన్షన్ పడలేదు, కానీ ఒళ్లు మండిపోయింది. పోర్ట్‌ని మళ్లీ సోల్డర్ చేయిస్తే పనిచేస్తోంది, ఇప్పుడది టేబుల్ మీద నుంచి కదలదు.

ఇప్పుడు బయటికి తీసుకెళ్లడానికి సాటా డ్రైవ్ విడిగా, ఎన్‌క్లోజర్ విడిగా కొన్నాను. కాస్త లావు, కాస్త బరువు. పోర్ట్ పోతే ఎన్‌క్లోజర్ మారిస్తే సరిపోతుంది.

నాది రోజూ బ్యాగులో తిరిగే డిస్క్, రోజూ పెట్టి తీసేది. ఒక్కచోటే ఉంచి వారానికోసారి బ్యాకప్ తీసుకునేవాళ్లకి ఈ పాత మోడల్ ఏళ్ల తరబడి నడవొచ్చు. అలాంటివాళ్లని వద్దనను, ఉన్న ఒకే ఒక్క కాపీ అందులో లేకపోతే.