శరీరానికా, మనసుకా: టీనేజ్ పిల్లల తల్లిదండ్రులు ముందు ఏ శిక్షణ తీసుకోవాలి?

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఆదివారం ప్రథమ చికిత్స క్లాసు అంటే మొదట శరీరమే. బొమ్మ మీద సీపీఆర్, అంటే గుండె ఆగినవారికి ఛాతీ నొక్కడం, చేయిస్తారు: ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. రెండో నిమిషానికే చేతులు అలిసి పైపైన నొక్కుతాం, అందుకే బొమ్మ లేని క్లాసుకు డబ్బు కట్టడం దండగ. కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కిందే, టూత్‌పేస్టు వద్దు. ముక్కు నుంచి రక్తం కారితే తల ముందుకు వంచాలి, వెనక్కి కాదు.

మానసిక ప్రథమ చికిత్స 2000లో ఆస్ట్రేలియాలో మొదలైంది. ఈ క్లాసులో సాధన అంతా మాటలతోనే. ‘ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు’ అన్నామా, గది తలుపు మూసుకుపోతుంది. ‘రెండు వారాలుగా సరిగ్గా తినట్లేదు, నిద్రపోవట్లేదు. ఏంటి నాన్నా?’ అని అడిగి ఊరుకోవాలి. ఆ మౌనాన్ని భరించడమే మనకు కష్టం. వెంటనే సలహా మొదలెట్టేస్తాం. అనుమానం ఉంటే ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో మందులకు తాళం వేయాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయాలి. ప్రాణం మీదికొస్తే 112. మానసిక చికిత్సకు పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఊళ్లోనే ఉంది.

ఆటలాడే పిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే మొదటిది ముందు. పిల్లాడు ముభావంగా మారితే మాత్రం రెండోది, ఈ నెలలోనే.