విచారణ ఆపడమా, నిర్దోషి అనడమా?

నిందితుడికి తీవ్రమైన మానసిక జబ్బు ఉంటే మన కోర్టుల ముందు రెండు దారులు. ఇప్పుడు తన కేసు అర్థం చేసుకుని వాదించుకునే స్థితిలో లేకపోతే క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 368వ సెక్షన్ కింద విచారణ ఆగుతుంది. నేరం జరిగినప్పుడే ఏం చేస్తున్నాడో తెలియని స్థితి అయితే నేరాలు, శిక్షలు చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌లోని 22వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 84, కింద నిర్దోషి అంటారు. ఇక్కడ రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. జబ్బుందని డాక్టర్ చీటీ చూపిస్తే చాలదు. గెలిచినా నేరుగా ఇంటికి కాదు, సురక్షిత కస్టడీకో, పూచీ ఇచ్చే బంధువులకో అప్పగిస్తారు.

వినడానికి మొదటిదే మెత్తగా ఉంటుంది గానీ, తీర్పంటూ వచ్చే రెండోదే నయమంటాను. అసోంలో 1951లో అరెస్టయిన ఒకాయన్ని తేజ్‌పూర్ మానసిక ఆస్పత్రికి పంపారు. కోలుకున్నాడని 1967లో డాక్టర్లు చెప్పినా వదల్లేదు, జైలుకు మార్చారు. విచారణే జరగకుండా 54 ఏళ్లు గడిచాక, 2005లో విడుదలయ్యాడు.