న్యూట్రల్ అని రాసిన సీసాలు: మూడున్నరేళ్ల వాడకం తరువాత

నలుపు తెలుపు ఫోటోల కోసమే తయారైన ఆరు నలుపుల ఇంకు సెట్టును నేను వాడటం మొదలుపెట్టి మూడున్నరేళ్లు దాటింది. రంగు ఇంకుల స్థానంలో ఒకే నలుపును మెట్టుమెట్టుగా పలచన చేసిన ఛాయలు పోస్తారనీ, ఆ తరువాత ఆ ప్రింటర్ రంగు ఫోటోలకు పనికిరాదనీ ఈ దారి పట్టినవారందరికీ తెలిసినదే కనుక మళ్లీ చెప్పను. నా ఫిర్యాదు సీసా మీద ఉన్న ‘న్యూట్రల్’, అంటే ఏ రంగు వైపూ మొగ్గని బూడిద, అనే ఒక్క మాట గురించి. ఆ మాటను నమ్మే ఈ సెట్టు కొన్నాను.

మొదటి ఏడాది ఎవరడిగినా కళ్లు మూసుకుని కొనమన్నాను. మామూలు ఆరు రంగుల ప్రింటర్‌లో నలుపు ఒక్కటే ఉంటుంది; బూడిద రంగును మిగిలిన రంగులు కలిపి పుట్టించవలసి వస్తుంది. కిటికీ దగ్గర సరిగ్గా కనిపించిన ఫోటో ట్యూబులైటు కిందికి రాగానే ఆకుపచ్చగానో గులాబీగానో తోచడానికి మూలం అదే. ఈ ఇంకులతో ఆ బెడద పోయింది. మా నాయనమ్మ ఫోటోలో ఆమె వెనుక వంటింటి గుమ్మంలోని చీకటి, ఆ చీకటిలో మసిబారిన తలుపు, తలుపుకున్న గొళ్లెం దేనికది విడిగా కనిపించాయి. ఆమె నుదుటి మీది వెలుగు తెల్లకాగితంలోకి కరిగిపోయే చోట భూతద్దం పెట్టి చూసినా చుక్క కనబడలేదు. అదంతా ఇప్పటికీ నిజమే. కాకపోతే ఆ గొళ్లెం కనబడటంలో సగం పుణ్యం ఏ నలుపు ఎక్కడ ఎంత పడాలో ప్రింటర్‌కు చెప్పే క్వాడ్‌టోన్‌రిప్ సాఫ్ట్‌వేర్‌దనీ, 21 మెట్ల బూడిద పట్టీని ప్రింటు తీసి, కొలిచి, మెట్టుమెట్టుకూ ఇంకు మోతాదును నిర్ణయించే కర్వ్ సరిచేసుకోవడానికి నేను పెట్టిన రెండు వారాలదనీ అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

గత నెలలో ఆ ఫోటో తనకూ కావాలని చెల్లెలు అడిగితే, మొదట్లో అదే రోజు ప్రింటు తీసి పెట్టెలో దాచిన రెండో ప్రతిని బయటికి తీసి గోడ మీది దాని పక్కన పెట్టాను. చూడగానే, “అన్నయ్యా, నాయనమ్మకు వడదెబ్బ తగిలిందేమిటి?” అంది. నేను నవ్వాను గానీ ఫ్రేము విప్పిన తరువాత నవ్వు రాలేదు. ఫోటో చుట్టూ వేసిన అట్ట, అదే మౌంటు బోర్డు, అంచు కింద దాగి ఉన్న పావు అంగుళం పట్టీ మొదటి రోజు ఎలా ఉందో అలాగే చల్లని బూడిద రంగులో ఉంది. వెలుగు తగిలిన మిగతా భాగమంతా పలచని టీ రంగుకు తిరిగింది. రెంటి మధ్య స్కేలు పెట్టి గీసినట్టు గీత. కాగితం పసుపెక్కిందేమోనని ముందు అనుమానించాను. అయితే అది తెల్లదనం కోసం మెరుపు రసాయనాలు కలపని నూలు కాగితం. చీర కొంగులో ఇంకు పడని చోట దాని తెలుపు మారలేదు. నలుపు ముదురు కూడా తగ్గలేదు. మారింది ఛాయ ఒక్కటే.

కారణం తెలిశాక ఇంత మామూలు సంగతి నాకెందుకు తట్టలేదా అనిపించింది. కార్బన్ నలుపు అంటే చివరికి మసే. దీపం మసితో ఇంట్లో కాటుక పట్టినవారికి తెలుసు, వేలితో పలచగా రాస్తే అది బూడిద రంగులో కాక గోధుమ ఛాయలో పరుచుకుంటుంది. దాన్ని బూడిద రంగుకు తేవాలంటే నీలం వైపు పిగ్మెంట్లు, అంటే రంగు పొడులు, కొద్దిగా కలపాలి. మసి వెలుగుకు చెక్కుచెదరదు. కలిపిన రంగు ముందుగా వెలిసిపోతుంది, అది పోయిన మేరకు మసి తన అసలు ఛాయను చూపిస్తుంది. కంపెనీ ప్రచార పత్రంలో ‘కార్బన్ మన్నిక’, ‘న్యూట్రల్’ అనే రెండు మాటలూ ఒకే వరుసలో పెద్ద అక్షరాలలో ఉన్నాయి, రంగు కలిపిన సంగతి మాత్రం నాలుగో పేజీ అడుగున ఉంది. అమ్మినవారికి రాస్తే, మన్నిక లెక్కలు అద్దం వెనుక, కొలిచిన వెలుగులో కట్టినవని జవాబిచ్చారు. ఆ మాటా పెద్ద అక్షరాలలో లేదు. 2005లో కే3 ఇంకులతో మూడు నలుపులు తెచ్చిన ఎప్సన్, తన నలుపు తెలుపు పద్ధతిలో ఛాయను వెచ్చగానో చల్లగానో మార్చుకునే సదుపాయాన్ని వాడేవారి చేతికే ఇచ్చింది. అక్కడ రంగు ఇంకు పడుతోందని ఎవరికైనా అర్థమవుతుంది.

నా తప్పూ ఉంది. అది పడమటి కిటికీకి ఎదురు గోడ. విజయవాడ వేసవిలో సాయంత్రం నాలుగు నుంచి ఎండ నేరుగా పడుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం ఖరీదని మామూలు అద్దం వేయించాను. కాబట్టి ఆల్బములలో, పెట్టెలలో దాచుకునేవారికి ఈ సెట్టు వద్దనలేను. వారానికి ఒక్క ప్రింటైనా తీయనివారికి, నిగనిగలాడే కాగితం కావాలనేవారికి మాత్రం వద్దంటాను: మొదటివారికి ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు, అంటే నాజిళ్లు, ఎండిపోతాయి; రెండోవారికి మెరుపు లేని కాగితం కోసం చేసిన ఈ మ్యాట్ నలుపు వేలికి అంటుకుంటుంది. ఈసారి నేను వెచ్చని కార్బన్ సెట్టు తెప్పించుకున్నాను. మనుషుల ముఖాలకు ఆ గోధుమ ఛాయ బాగానే కుదిరింది, వానలో తడిసిన రాతి మెట్లకు కుదరలేదు. న్యూట్రల్ సీసాలలో మిగిలిన ఇంకును ఇంకా పారేయలేదు.

చెల్లెలికి పెట్టెలోని ప్రతినే ఇచ్చాను. వాళ్ల హాలులో కిటికీ ఉత్తరం వైపు ఉంది.