ప్లీ బార్గెయినింగ్: తగ్గింపు పెరిగింది, గడువే బిగుసుకుంది

నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించే ఈ పద్ధతి మన కోర్టుల్లోకి 2006 జూలైలో వచ్చింది. 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ విచారణ చట్టం) 289 నుంచి 300 సెక్షన్ల కింద నడుస్తోంది. తగ్గింపు విషయంలో కొత్త చట్టం పాతదానికంటే చాలా నయం. ఆలస్యంగా ఒప్పుకునేవాళ్ల విషయంలో మాత్రం మరీ కఠినం.

దొంగతనం కేసే తీసుకోండి. గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. ముద్దాయికి ఇదే మొదటి నేరమైతే అందులో ఆరో వంతు, అంటే 6 నెలలు వేయవచ్చు. ఇంతకుముందు వేరే నేరంలో శిక్ష పడి ఉంటే నాలుగో వంతు, 9 నెలలు. ఇదే నేరంలో పడి ఉంటే అసలు అర్హతే లేదు. రిమాండ్‌లో గడిపిన రోజులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి, 6 నెలలుగా జైల్లో ఉన్నవాడు తీర్పు రోజే ఇంటికి వెళ్లొచ్చు. ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు, మహిళల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకు ఇది వర్తించదు.

ఇక గడువు. పాత చట్టంలో విచారణ నడుస్తుండగా ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ముందు పెట్టినా చివర్లో పెట్టినా తగ్గింపు ఒక్కటే. అది తప్పే. ఇప్పుడు చార్జి ఫ్రేమ్ చేసిన రోజు, అంటే ఏ నేరం మీద విచారించాలో కోర్టు ఖరారు చేసిన రోజు నుంచి 30 రోజులే. అది దాటాక మేజిస్ట్రేటు ముందు నేరుగా ఒప్పుకోవచ్చుగానీ, ఇంత తగ్గిస్తారన్న లెక్క ఎక్కడా లేదు, అంతా జడ్జి విచక్షణే. ఇంగ్లండ్‌లో దీనికి మెట్లున్నాయి: మొదట్లోనే ఒప్పుకుంటే శిక్షలో మూడో వంతు తగ్గుతుంది, ఆ తర్వాత ఎక్కువలో ఎక్కువ నాలుగో వంతు, విచారణ మొదలయ్యే రోజున పదో వంతు. మనకూ అలాంటి మెట్లు కావాలి. ఫిర్యాదుదారు బోనెక్కేలోపు ఒప్పుకుంటే ఆ మనిషికి క్రాస్ ఎగ్జామినేషన్ (ముద్దాయి లాయరు వేసే ప్రశ్నలు) తప్పుతుంది, దానికి పదో వంతైనా తగ్గించడం న్యాయం. అందరి ముందూ ఆ ప్రశ్నలన్నీ భరించాక ఒప్పుకుంటే ఒక్క రోజు కూడా తగ్గించకూడదు.

దరఖాస్తుతో పాటు అఫిడవిట్ ఇవ్వాలి: ఇష్టపూర్వకంగానే పెడుతున్నానని, ఎంత శిక్ష పడొచ్చో తెలుసని, ఇదే నేరంలో ఇంతకుముందు శిక్ష పడలేదని. పాత శిక్ష దాచిపెడితే, బయటపడగానే కేసు మళ్లీ మామూలు విచారణకు పోతుంది. జడ్జి అందరినీ బయటికి పంపి ముద్దాయిని ఒంటరిగా అడుగుతారు. ఎవరైనా బెదిరించారా అన్నది చెప్పుకోవడానికి అదే చోటు. తర్వాత పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు), దర్యాప్తు అధికారి, బాధితులు, ముద్దాయి కూర్చుని మాట్లాడుకోవడానికి 60 రోజుల వరకు సమయం ఇస్తారు. బాధితులకు పరిహారం తేలేది ఇక్కడే. మాట కుదరకపోతే విచారణ ఆగినచోటి నుంచే సాగుతుంది, దరఖాస్తులో ఒప్పుకున్నది వాడుకోవడానికి వీల్లేదు.

అసలు ప్రమాదం రిమాండ్ ఖైదీలకు. బెయిలు రాని మొదటిసారి ముద్దాయిని బీఎన్ఎస్ఎస్ 479 సెక్షన్ కింద బాండు మీద వదలాలంటే గరిష్ఠ శిక్షలో మూడో వంతు, దొంగతనానికైతే ఏడాది, లోపల గడవాలి. ఒప్పుకుంటే 6 నెలలే. తప్పు చేయనివాడు కూడా సంతకం పెట్టేది ఈ లెక్క చూసే. ఆ తర్వాత అప్పీలు ఉండదు, రిట్ వేయడమో, సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి అడగడమో తప్ప. నేరస్థుడన్న ముద్ర రికార్డులో ఉండిపోతుంది.

సంతకానికి ముందు చార్జి ఫ్రేమ్ చేసిన తేదీని డాకెట్‌లో (కేసు రోజువారీ కోర్టు రికార్డులో) చూసుకుని 30 రోజులు లెక్కపెట్టుకోండి. లాయరు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థకు 15100కు ఫోన్ చేయండి.