ఎనిమిదేళ్ల గీజరు, బోరు నీళ్లు, ఒక మెగ్నీషియం రాడ్

మాది విశాఖపట్నం పీఎం పాలెంలో అపార్ట్‌మెంట్. వాడుకకు వచ్చే నీళ్లన్నీ బోరువే. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు, కొత్త బకెట్‌కి నెల తిరగకుండానే గార పడుతుంది. 2017 డిసెంబరులో కొన్న పదిహేను లీటర్ల గీజరు ఈ నీళ్లతోనే ఎనిమిదేళ్లు నడిచింది. ట్యాంకు ఇప్పటికీ కారలేదు. వాట్లు, స్టార్లు డబ్బా మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది లోపల ఎవరికీ కనపడకుండా ఉండే మెగ్నీషియం రాడ్ గురించి. మా ట్యాంకు నిలబడింది దాని వల్లే. అలాంటిదొకటి లోపల ఉందని కొన్న రోజున ఒక్కరూ చెప్పలేదన్న బాధ నాకింకా పోలేదు.

షాపులో చెప్పింది ఒకటే మాట: "లోపల గ్లాస్ కోటింగ్ మేడం, ఉప్పు నీళ్లకు ఢోకా లేదు." నమ్మాను. మధురవాడలో ఉండే మా ఆడపడుచుకీ, పై ఫ్లాటు వాళ్లకీ అదే మాట చెప్పి అదే మోడల్ కొనిపించాను.

రెండో ఏడు చలికాలం నుంచి స్విచ్ వేయగానే లోపల పేలాలు వేగుతున్నట్టు టపటపా చప్పుడు మొదలైంది. నీళ్లు కాగే చప్పుడే అనుకున్నాను. కాదు. కాయిల్ మీద పేరుకున్న గార కింద చిక్కుకున్న నీళ్లు అక్కడికక్కడే మరిగి పేలే చప్పుడది. గార మందమయ్యే కొద్దీ కాయిల్ వేడి సరిగ్గా నీళ్లలోకి దిగదు, కాయిల్ తన వేడికి తనే మాడుతుంది. ఆ చప్పుడు విన్న రోజే విప్పించి ఉంటే అప్పుడే తేలిపోయేది.

2020 భోగి. ఇంటి నిండా చుట్టాలు. తెల్లవారుజామున పిల్లలకు నలుగు పెట్టి, అత్తయ్య గారి తలకు నూనె రాసి గీజరు వేశాను. అయిదు నిమిషాలైనా కాలేదు, ఇంట్లో కరెంటు మొత్తం ట్రిప్ అయింది. మళ్లీ వేస్తే మళ్లీ పోయింది. గీజరు స్విచ్ తీసేస్తేగానీ లైట్లు నిలవలేదు. డెబ్బై రెండేళ్ల ఆవిడ, మోకాళ్ల నొప్పులు, ఒంటి నిండా నూనె. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కింద వాచ్‌మన్ భార్య భోగి మంట నిప్పుల మీద పెద్ద గుండిగతో నీళ్లు పెట్టి ఉంచింది. విషయం తెలిసి, నేను అడగకముందే రెండు బకెట్లు లిఫ్టులో పంపించింది. ఆ పూట మా అందరి తలంట్లూ ఆ నీళ్లతోనే అయ్యాయి.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఇక మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు? పండగ వెళ్లాక వచ్చాడు. కింద బోల్టులు సముద్రపు గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. నూనె వేసి అరగంట ఆగితే తిరిగాయి. కాయిల్ బయటికి లాగగానే వెనకే బొలబొలమని తెల్లటి పెచ్చులు రాలాయి. ఎత్తితే మగ్గు నిండాయి. ఇక కాయిల్, మా అత్తయ్య గారు చూసి "కాకరకాయకు సున్నం పూసినట్టుందే" అన్నారు. సరిగ్గా అలాగే ఉంది. ఒకచోట నిలువునా పగిలింది.

"ఏటమ్మా ఇది, ఎప్పుడూ విప్పించలేదేటి?" అన్నాడు.

"రెండేళ్లే కదా బాబూ అయింది" అన్నాను.

"రెండేళ్లకే రాడ్ అంతా తినేసింది సూడండి" అంటూ ఒక ఇనప తీగ చూపించాడు. తీగకు అక్కడక్కడా బూడిద రంగు గడ్డలు అంటుకుని ఉన్నాయి. అదే రాడ్ అని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. కొత్తది నా చేతిలో పెట్టాడు. బొటనవేలంత లావు. ఇనుమనుకుని గట్టిగా పట్టుకున్నాను, తీరా చూస్తే చెక్కముక్కంత తేలిక. కాయిల్ గ్యారంటీ రెండేళ్లే, నెల క్రితమే అయిపోయింది. ట్యాంకుకు ఏడేళ్లు. కార్డు తీసి చదివితే, రాడ్ అరిగితే మార్పించుకుంటేనే ఆ ఏడేళ్లు చెల్లుతాయని చిన్న అక్షరాల్లో ఉంది.

ట్యాంకు అసలు ఇనుమే. గ్లాస్ పూత ఎంత బాగా వేసినా అతుకుల దగ్గర కంటికి కనపడని సందులు మిగులుతాయి, తుప్పు అక్కడ మొదలవుతుంది. మెగ్నీషియం ఇనుము కంటే తొందరగా తుప్పుకు లొంగే లోహం కాబట్టి అది ఉన్నంతకాలం అదే అరుగుతుంది, ఇనుము జోలికి రానివ్వదు. అది అయిపోయిన రోజు నుంచి ట్యాంకు వంతు. మేం ఆ రోజుకు దగ్గర్లో ఉన్నాం. అదృష్టం కొద్దీ కాయిల్ ముందు పోయి గీజరు విప్పించింది.

ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను. రాడ్ గారను ఆపదు. గార వేరే సంగతి. నీళ్లలో కరిగి ఉన్న సున్నం వేడికి విడిపోయి కాయిల్‌కు పట్టుకుంటుంది, వేడి పెరిగే కొద్దీ ఎక్కువ పడుతుంది. అందుకే నీళ్లు ఎంతవరకు కాగాలో చూసే థర్మోస్టాట్‌ను 75 డిగ్రీల నుంచి 55కి తగ్గించాను. ఏడాదికోసారి, చలికాలానికి ముందు, కాయిల్ విప్పించి వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి మూడు గంటలు నానబెడతాం. బుసబుసా పొంగి గార దానంతటదే వదులుతుంది. బాత్‌రూమ్ ఆసిడ్‌తో నిమిషంలో పోతుందని మెకానిక్ అన్నాడు, నేను ఒప్పుకోలేదు. అది గారతో ఆగదు, కాయిల్‌నూ తింటుంది. విప్పిన ప్రతిసారీ గాస్కెట్, అంటే అతుకు దగ్గర నీళ్లు కారకుండా పెట్టే రబ్బరు, కొత్తది వేయించండి. పాతదే బిగిస్తే చెమ్మ దిగి, టెర్మినళ్లు తుప్పు పడతాయి.

2022లో అసోసియేషన్ వాళ్లు బోరు నీళ్లలో సున్నం తీసేందుకు ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ పెట్టించారు. ఆ ఏడాది విప్పితే కాయిల్ తళతళలాడింది. బోరు నీళ్ల బాధ తీరిపోయిందని కనపడిన వాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కాస్త సవరించుకోవాలి. మరుసటి ఏడు చూస్తే కాయిల్ బాగుంది, రాడ్ మాత్రం ముందుకంటే త్వరగా అరిగింది. సాఫ్ట్‌నర్ సున్నాన్ని తీసి దాని బదులు సోడియం ఇస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలేమీ తగ్గవు, పైగా లోపల సన్నగా పట్టి కాస్తో కూస్తో అడ్డుండే సున్నపు పొర కూడా ఉండదు. మీటింగులో ఒకాయన నీళ్లలో కరిగినవన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి "ముందూ అంతే, తర్వాతా అంతే, మోసపోయాం" అని గొడవ చేశారు. మోసమేమీ లేదు, ఆ మీటర్ కాఠిన్యాన్ని, అంటే సున్నం పాలును, విడిగా చూపించదు. దానికి చుక్కలు వేసి చూసే కిట్ వేరే దొరుకుతుంది. తాగునీటి కాఠిన్యానికి మన దేశ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. మా బోరు సాఫ్ట్‌నర్‌కు ముందు 400 దాటేది. వేసవిలో బోరు మట్టం పడిపోయాక ఇంకా ముదిరేది.

నన్నడిగితే ఈ గీజరు మంచిదే, కానీ నా మాట మీ ఇంటికి ఎంతవరకు పనికొస్తుందో మీ కుళాయిని బట్టి చూసుకోండి. మా చెల్లెలు సీతమ్మధారలో ఉంటుంది, వాళ్లకు జీవీఎంసీ (నగరపాలక సంస్థ) నీళ్లు. రైవాడ, మేఘాద్రిగెడ్డ లాంటి జలాశయాల నీళ్లు కాబట్టి వాళ్ల గీజరుకు ఇంత సేవ అక్కర్లేదు. అద్దె ఇల్లయితే ఏడాదికోసారి ఈ విప్పుడు ఎవరు పెట్టుకుంటారు, ఖర్చు ఎవరిది అన్న పేచీ ఉంటుంది. మాకైతే అత్తయ్య గారికి మే నెలలో కూడా వేడినీళ్లు కావాలి, అందుకని ఏడాది పొడవునా నడుస్తుంది. కొత్తది కొనే వాళ్లు ఒక్కటి అడగండి: రాడ్ విడిగా విప్పే వీలుందా, లేక మాలాగా కాయిల్‌తో పాటు మొత్తం దించాలా? నాకు మళ్లీ కొనాల్సి వస్తే ముందు అదే చూస్తాను.

2020లో మాది విప్పించిన నెలలోనే మా ఆడపడుచుకు ఫోన్ చేసి విప్పించమన్నాను. వాళ్ల రాడ్ సగం మిగిలి ఉంది. పై ఫ్లాటు వాళ్లు ఆలస్యం చేశారు. 2021లో ట్యాంకు కింద ఎర్రటి చుక్క కనపడింది, అది ఆగలేదు.

మొన్న నవంబరులో విప్పినప్పుడు మా రాడ్ పెన్సిలంత లావుంది. కొత్తది తెచ్చి అటక మీద పెట్టాను, భోగి లోపు వేయించాలి.